చెప్పు తెగిన చోటు

"...క్యాంటీన్ వెనకాల అని రాస్తే ఏ క్యాంటీన్ అనుకోవాలి బాబాయ్? ఇప్పుడు ఆరున్నాయి."

"అప్పుడు ఒక్కటే ఉండేది సార్."

"అప్పుడు సరే. చూసేవాళ్లు ఇప్పటివాళ్లు కదా."

"క్యాంటీన్ ఎక్కడికి పోతుందిలే అనుకున్నాం. దానికీ కాళ్లొస్తాయని ఎవరు కలగన్నారు?"

కుర్ర లెక్చరరు తల పట్టుకున్నాడు. మొక్కల గది అటెండరు మాత్రం ఎండుమొక్క అతికించిన ఆ షీటును నిండు పళ్లెంలా రెండు చేతులా పట్టుకుని, పంతం వదలకుండా నిలబడ్డాడు.

ముప్పై నాలుగేళ్లుగా అతనిది ఒకటే పని. తెచ్చిన మొక్కను పాత పేపర్ల మధ్య పెట్టి, చెక్కపలకలతో బిగించి, రోజూ పేపర్లు మార్చి, ఆరాక మందపాటి షీటు మీద అతికించి, ఎక్కడ దొరికిందో కింద చీటీ రాయడం. అతను చేరేనాటికి యూనివర్సిటీ అంటే నాలుగు రేకుల షెడ్లు, మిగిలిందంతా తుప్పలు. తుప్పలు కొట్టి సైన్సు బ్లాకు కట్టారు. దాని పక్కన లా కాలేజీ, ఆ పక్కన హాస్టళ్లు లేచాయి. గేటు దగ్గర బస్సు ఆపమని బతిమాలుకున్న రోజులు పోయి, గేటు ముందుకే మెట్రో రైలొచ్చింది. ఎక్కడ పునాది తీయబోయినా ముందుగా అక్కడి మొక్కల్ని తెచ్చి షీటెక్కించేవారు. ఆ నేల మీద ఒకప్పుడు ఏం మొలిచిందో చెప్పడానికి ఈ షీట్లు తప్ప ఇంకేమీ మిగల్లేదు.

ఇప్పుడా గది కంప్యూటర్లకి కావాలి. చోటు తేలిన షీట్లు కొత్త భవనానికి వెళ్తాయనీ, తేలనివి పారేయక తప్పదనీ హెడ్ మేడమ్ చెప్పింది. ఆవిడ కసురుకోలేదు. ఎక్కడిదో తెలియని మొక్క ఎండుగడ్డితో సమానమని మాత్రం అంది. గడువు శుక్రవారం.

సోమవారం నుంచి ఇద్దరూ మ్యాపు పట్టుకుని క్యాంపస్ అంతా తిరిగారు. పార్కింగు నడిమధ్యలో ఆగి, ఇదే పాత క్యాంటీన్ వంటగది, ఇక్కడి నుంచి ఎడమకి ఇరవై అడుగులు అనేవాడు అటెండరు. లెక్చరరు అక్కడ ఎర్రచుక్క పెట్టేవాడు. మొదటిరోజు నమ్మకం చాలక ఇంజినీరింగు ఆఫీసులోని పాత ప్లానుతో సరిచూశాడు. అడుగు తేడా రాలేదు. రెండోరోజు నుంచి ప్లాను జోలికి పోలేదు. ఫోన్లలో తలలు దూర్చి నడిచే పిల్లలు మాత్రం వీళ్లని చెత్తకుండీల్ని తప్పుకున్నట్టు తప్పుకుని పోయారు.

గురువారం మధ్యాహ్నానికి ఒక్క బీరువా మిగిలింది. అందులో మూడువందల పైచిలుకు షీట్లు, అన్నీ అటెండరు భార్య తెచ్చినవి. ఆవిడ ఇదే క్యాంపస్‌లో తోటపని చేసేది. అతను గదిలో పేపర్లు మారుస్తుంటే, ఎక్కువసార్లు ఒక్కతే తుప్పల్లో పడి తిరిగి సంచీ నింపుకొచ్చేది. అక్షరాలు నేర్చుకుంది కూడా ఈ చీటీల మీదే.

లెక్చరరు పై చీటీ చదివాడు. 'నా చెప్పు తెగిన చోటు.' దాని కింది దాని మీద, 'పాము అడ్డమొచ్చిన చోటు.' ఆ కిందది, 'ఈయన మీద అలిగి కూర్చున్న చోటు.'

లెక్చరరు నవ్వాడు. నవ్వి, అటెండరు మొహం చూసి ఊరుకున్నాడు.

ఆ రోజుల్లో అప్పటి ప్రొఫెసరు ఈ చీటీలు తిరగరాయమన్నాడు. అటెండరు ఆ పని రేపు, మాపు అంటూ నెట్టుకొచ్చాడు. అడిగితే చెప్పే మనిషి ఇంట్లోనే ఉంది కదా, తొందరేముంది అనుకున్నాడు. అన్నం వడ్డిస్తున్నప్పుడు అడగొచ్చు, బస్సులో పక్కన కూర్చున్నప్పుడు అడగొచ్చు. పంతొమ్మిదేళ్లు అడగలేదు. కిందటేడు వానాకాలంలో ఆవిడకి జ్వరమొచ్చింది. పోయేదాకా ఆస్పత్రిలో ఉన్న తొమ్మిది రోజులూ ఇద్దరూ ఏవేవో మాట్లాడుకున్నారు గానీ చీటీల ఊసు రాలేదు.

లెక్చరరు తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. గొంతు తగ్గించి, "ఉత్తరం వైపు తిరిగేది అన్నావుగా బాబాయ్. అటే ఎక్కడో చుక్కలు పెట్టేద్దాం. తవ్వి చూసేదెవరు? పిన్ని చేతిరాత నిలబడుతుంది," అన్నాడు.

అటెండరు బీరువా ముందు కూర్చున్నాడు. ఒక్కో షీటూ తీసి, చీటీ చదివి, బోర్లించి పక్కన పెట్టాడు. భార్యతో తనూ వెళ్లినప్పటివి పదకొండు దొరికాయి. వాటి చోట్లు వేలు పెట్టి చూపించాడు. లెక్చరరు చుక్కలు పెట్టాడు. మిగతావన్నీ అంచులు కలిపి, తాడుతో కట్టాడు. కట్ట బిగిసిందో లేదో చూసుకుని, ఎత్తుకుని హెడ్ మేడమ్ గదికి నడిచాడు. వెనకే లెక్చరరు వెళ్లాడు.

కట్టని బల్ల మీద పెట్టాడు.

"ఇవి ఎక్కడివో నాకు తెలీదు మేడమ్. తీసేయండి."