మిగిలిన యూనిఫామ్ బట్ట

2004లో నేను ఉంగుటూరు దగ్గర ఒక అప్పర్ ప్రైమరీ స్కూల్లో లెక్కల టీచర్ని. ఏడో తరగతితో ఆ బడి అయిపోతుంది. ఆపైన చదవాలంటే బస్సెక్కి తాడేపల్లిగూడెం వెళ్లాలి. నాకు కోపం ముక్కు మీదే ఉండేది, అందులోనూ స్టెప్స్ లేని జవాబు చూస్తే మరీను. స్టెప్స్ అంటే లెక్క ఎలా చేశారో వరసగా రాసి చూపించడం. మార్కుల్లో ఎక్కువ భాగం వాటికే.

ఏడో తరగతిలో షాహీన్ అనే పిల్ల జవాబు తప్ప ఒక్క ముక్క రాసేది కాదు. ఆ జవాబు మాత్రం ఎప్పుడూ కరెక్టే. పక్కవాళ్లది చూసి రాస్తోందని తేల్చేసి, యూనిట్ టెస్టుల్లో సున్నాలు చుట్టాను. "కాపీ కొట్టావా?" అంటే తల దించుకునేది. దాంతో నా అనుమానం ఇంకా గట్టిపడింది.

జూన్‌లో రావాల్సిన యూనిఫామ్ బట్ట ఎప్పటిలాగే జనవరిలో దిగింది. కుట్టేది షాహీన్ వాళ్ల నాన్న మస్తాన్‌గారు. ఏటా చివర్లో ఇద్దరు ముగ్గురు పిల్లలకి బట్ట చాలేది కాదు. ఆసారి అందరికీ కుట్టి, పైగా ఇంత మడత బట్ట వెనక్కి పంపారు. సైజులు తగ్గించేశారన్నమాట అనుకుని, టేపు, కుట్టిన జతలు నాలుగు పట్టుకుని వాళ్లింటికి పోట్లాటకే వెళ్లాను.

కొలిచాను. అంగుళం తేడా లేదు.

"ఈసారి బట్ట మీద గీతలు మా అమ్మాయి గీసిందండి," అన్నారాయన నవ్వుతూ. "నేనైతే ఒక సైజు అయ్యాక ఇంకో సైజు కత్తిరిస్తానండి. ఇది అన్నీ కలిపేసింది."

షాహీన్ పాత పేపరు మీద ముందుగా వేసుకున్న బొమ్మ తెచ్చి చూపించింది. పెద్ద నిక్కర్ల ముక్కల మధ్య మిగిలే ఖాళీల్లో ఒకటో తరగతి వాళ్ల ముక్కలు తలకిందులుగా ఇమిడిపోయి ఉన్నాయి.

అక్కడికక్కడే, నేను సున్నా వేసిన లెక్కే మళ్లీ అడిగాను. నలభై మీటర్ల పొడవు, ముప్ఫై మీటర్ల వెడల్పు ఉన్న తోట చుట్టూ బయట రెండు మీటర్ల బాట ఉంది, దాని వైశాల్యం ఎంత? పెద్ద దీర్ఘచతురస్రంలోంచి చిన్నది తీసేయమని మేం నేర్పుతాం.

"అంచు కుట్టినట్టేనండి," అంది. "నాలుగు వైపులా పట్టీలు రెండొందల ఎనభై. మూలలకి నాలుగు చిన్న ముక్కలు, పదహారు. మొత్తం రెండొందల తొంభై ఆరండి."

"మరి ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదేం?"

"ఎలా చేశావని మీరు అడగలేదండి. కాపీ కొట్టావా అనే అడిగేవారండి."

నాకు తల తీసేసినట్టయింది. ఈలోగా మస్తాన్‌గారు మెల్లగా అన్నారు, "అయితే మా అమ్మాయి తెలివైందేనాండి? లెక్కల్లో సున్నాలొస్తుంటే ఇంకెందుకులే, ఏడు అవ్వగానే మిషన్ మీద కూర్చోబెట్టేద్దామనుకున్నామండి."

నా ఎర్ర పెన్ను ఆ పిల్ల చదువునే కొట్టేయబోయింది.

"ఆ సున్నాలు నావండి మస్తాన్‌గారూ, అమ్మాయివి కావు. తప్పు నాదే. ఇలాంటి పిల్లని నా సర్వీసులో చూళ్లేదు. చదువు మాత్రం ఆపకండి."

ఆయన కూతురి వంక చూశారు. "బస్ పాస్‌కి ఫొటో కావాలేమోనండి?" అన్నారు.

షాహీన్ నవ్వడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

ఆ రోజు నుంచి బడి వదిలాక గంటసేపు షాహీన్ చేత హైస్కూలు పుస్తకాల్లోని లెక్కలు చేయించాను. వాటిని ఊదేసేది గానీ స్టెప్స్ దగ్గరే పేచీ. "తెలిసిందే మళ్లీ రాయాలాండి?" అని గొణిగేది. "దిద్దేవాళ్లకి తెలియొద్దూ?" అనేదాన్ని. జూన్‌లో తాడేపల్లిగూడెం బస్సెక్కింది.

తర్వాత రిటైరయ్యేదాకా, స్టెప్స్ లేని సరైన జవాబు కనబడితే మార్కు వేసేముందు రాసినవాళ్లని దగ్గరికి పిలిచి, ఎలా చేశారో చెప్పమనేదాన్ని. నిజంగా కాపీ కొట్టినవాళ్లు నీళ్లు నమిలేవారు. ఎప్పుడో ఒకసారి ఒకరు చెప్పడం మొదలుపెట్టేవారు. అప్పుడు నేను కుర్చీ లాక్కుని కూర్చునేదాన్ని.