మట్టి పొరల మీద చెయ్యి

నల్గొండ డిగ్రీ కాలేజీలో మాకు చరిత్ర చెప్పిన మేడంకు ఒక అలవాటుండేది. ఇంటి పునాది గుంతో, కోసుకుపోయిన వాగు ఒడ్డో కనిపిస్తే ఆగి, ఆ మట్టి పొరల మీద అరచెయ్యి ఆనించి నిలబడేవారు.

తెలంగాణ వచ్చిన కొత్తలో, వానలు ముఖం చాటేసిన ఏడాది, మమ్మల్ని ఒక ఎండిన వాగుకు తీసుకుపోయారు. ఒడ్డు అడుగున గులకరాళ్ల పొరలో ఆదిమానవులు చెక్కిన రాతి పనిముట్లు కనిపించాయి. దాని మీద మందంగా పేరుకున్న ఎర్రమట్టిలో మాత్రం ఒక్కటీ లేదు.

"గులకరాళ్లను పారే నీళ్లు తెచ్చినయి. గీ మట్టిని గాలి మోసుకొచ్చింది. గప్పుడు ఎన్నో తరాలు వానల్లేవు," అన్నారు మేడం, ఎర్రమట్టి మీద చెయ్యి పెట్టి.

"గా మనుషులంత సచ్చిపోయిండ్రా మేడం?" అని అడిగాను.

"కొందరు సచ్చిపోయిండ్రు. కొందరు నీళ్లు దేవులాడుకుంట పోయిండ్రు. గట్ల పోయినోళ్లు బతికిండ్రు కాబట్టే ఇయ్యాల మనమున్నం."

ఆ ఎండాకాలమే మా బోరు ఎండిపోయి, బాపు బొంబాయికి కూలికి పోయాడు. ఎవరైనా అడిగితే ఊళ్లోనే వ్యవసాయం చేస్తున్నాడని చెప్పేదాన్ని. వలసపోయిన ఇల్లు అనిపించుకోవడం నాకు నామోషీగా ఉండేది.

"మా బాపు గూడ పోయిండు మేడం," అన్నాను, తోటివాళ్లందరూ వింటుండగానే.

మేడం నా వైపు తిరిగారు. "మంచిగున్నడా?"

"ఉన్నడు. ఫోన్ చేసినప్పుడల్లా ఈడ వాన పడ్డదా అనే అడుగుతడు."