క్రిస్టీనా టెస్టులు, గుల్షన్ కోడ్

క్రిస్టీనా వాళ్లమ్మ ఎలీసమ్మ వేటపాలెంలో జీడిపప్పు ఒలుస్తుంది. క్రిస్టీనా మాత్రం చాలా ఏళ్లుగా గుంటూరు బ్రాడీపేటలో, ఓ పళ్ల డాక్టరు క్లినిక్ పైనున్న చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తోంది. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ప్రోగ్రామర్లు వాడే నెట్‌వర్క్ లైబ్రరీ అనే రెడీమేడ్ కోడ్‌ని ఆ కంపెనీ తయారుచేస్తుంది. అందులో ఎవరు ఏ మార్పు చేసినా, అంతా సరిగా పనిచేస్తోందో లేదో చూసే టెస్టులు, క్రిస్టీనా రాసినవి, వాటంతటవే నడుస్తాయి. అన్నీ పాసై తెర మీద పచ్చగా వస్తే ఆమెను పలకరించే దిక్కుండదు. ఒక్కటి ఫెయిలై ఎర్రబడితే మాత్రం అందరూ ఆమె కుర్చీ చుట్టూ చేరతారు.

దానికి ఆమె అలవాటు పడిపోయింది. గుల్షన్‌కే అలవాటు పడలేకపోయింది.

గుల్షన్ నిన్నగాక మొన్న చేరిన పిల్ల. "కోడంటే గుల్షన్‌ది చూసి నేర్చుకోండయ్యా," అనేవారు మేనేజర్ జయరావు గారు ప్రతి మీటింగులోనూ. ఆ మాట వింటే క్రిస్టీనాకు ఒళ్లు మండేది. గుల్షన్ ఇంటినుంచి తెచ్చిన సేమియా అందరూ లొట్టలేసుకుని తింటుంటే, కడుపు బాగోలేదని ఆమె మొహం తిప్పుకునేది.

ఒకరోజు గుల్షన్ కొత్త కోడ్ మీద టెస్టు ఎర్రబడింది. మళ్లీ నడిపితే పచ్చబడింది. ఇంకోసారి నడిపితే మళ్లీ ఎరుపు. క్రిస్టీనాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. అలా ఓసారి పచ్చగా, ఓసారి ఎర్రగా వచ్చే టెస్టుని ముందు తనే విప్పి చూసుకోవాలి. కానీ ఆగలేకపోయింది.

"సార్, గుల్షన్ కోడ్‌కి నిలకడ లేదండి. ఇలాగే రిలీజ్ చేస్తే మన పరువు పోద్ది," అంది అందరికీ వినపడేలా.

రిలీజ్ ఆగింది. గుల్షన్ ఆ టెస్టుని మళ్లీ మళ్లీ నడిపి చూస్తూ కూర్చుంది.

మర్నాడు అందరూ భోజనాలకు వెళ్లాక గుల్షన్ లాప్‌టాప్ పట్టుకొచ్చింది.

"అక్కా, ఒకసారి చూస్తారా? మీ పాత టెస్టొకటి పోర్టు తెరిచి, పనయ్యాక మూయకుండా వదిలేస్తోంది. దాని వెనకే నా కోడ్ టెస్టు నడిస్తే, ఆ పోర్టు ఖాళీ లేక ఫెయిలవుతోంది. సార్‌కి చెప్పలేదక్కా."

క్రిస్టీనా చూసింది. నిజమే, కంప్యూటర్లు మాట్లాడుకునే ఆ దారిని తన టెస్టే మూయకుండా వదిలేస్తోంది. తిట్టినా బాగుండేది, ఈ మంచితనం ఇంకా మండించింది. ఈ పిల్ల దయ మీద నెగ్గుకు రావాలా అనిపించి, లేచి తిన్నగా జయరావు గారి గదిలోకి వెళ్లింది.

"తప్పు నా టెస్టులోనే ఉంది సార్."

"ఎవరు పట్టుకున్నారమ్మా?"

"గుల్షనండి."

"అనుకున్నా!" అన్నారాయన మురిసిపోతూ.

టెస్టు సరిచేసి మళ్లీ నడిపింది. అన్నీ పచ్చగా వచ్చాయి, రిలీజ్ వెళ్లింది. "థాంక్సక్కా," అంది గుల్షన్. క్రిస్టీనా తలూపింది గానీ నవ్వలేకపోయింది. అసూయ పోలేదు. అయితే ఆ తర్వాత టెస్టు ఎర్రబడితే గుల్షన్ పేరెత్తే ముందు తన టెస్టు విప్పి చూసుకునేది. అక్కడ తప్పు కనపడనప్పుడు, "ఇటు రా ఒకసారి," అని గుల్షన్‌ని పిలిచి పక్కన కుర్చీ లాగేది.