నా దాకా రాని ఫైళ్లు

మా ఆయన దినాలు అయిపోయిన మర్నాడే నేను మళ్లీ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను.

బోయిన్‌పల్లిలోని మా ఫ్లాట్‌లో, పడకగది కిటికీ పక్కన ఉన్న చిన్న బల్లే నా ఆఫీసు. జీవిత బీమా క్లెయిముల కాగితాలు సరిచూడటం మా పని. బేగంపేటలోని ఆఫీసును కంపెనీ ఖాళీ చేసినప్పటి నుంచి నా టీమ్‌లో అందరూ ఎవరి ఇంట్లో వాళ్లు ఉండి పనిచేస్తున్నారు. ఒకరు వరంగల్, ఒకరు విజయనగరం, ఒకరు నిజామాబాద్. బన్సీలాల్‌పేట్‌లో ఉండే ఒకామె మా అందరికన్నా పెద్దది. టీమంతా ఆమెను అక్కా అంటారు. నేనూ అంతే.

ఆ రోజు పొద్దున ఆన్‌లైన్ మీటింగ్‌లో నేనే ముందు నోరు విప్పాను. "షురూ చేద్దామా" అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది. పెండింగ్ ఎంతుందో అడిగాను. ఎవరికి సెలవు కావాలో అడిగాను. పంటికి మత్తు ఇచ్చాక దవడను వేలితో తాకితే ఎలా ఉంటుందో, రోజంతా అలాగే ఉండేది నాకు.

మా అత్తమ్మ నాతోనే ఉంటుంది. కొడుకును పోగొట్టుకున్న మనిషి. ఆమే అన్నం కలిపి తెచ్చి బల్ల మీద పెట్టేది. "జెర తిను బిడ్డా. ఆ డబ్బా యాడికి పోదు" అనేది, ల్యాప్‌టాప్ వైపు చూపిస్తూ. తినేదాన్ని. ఏం కూరో తెలిసేది కాదు.

అంతకుముందు నేను టీమ్‌ను వదిలేదాన్ని కాదు. ఎవరి పేరు పక్కన ఆన్‌లైన్‌లో ఉన్నట్టు చూపే పచ్చచుక్క ఆరినా వెంటనే ఫోన్ చేసేదాన్ని. ఇప్పుడు ఆ చుక్కల వైపు చూడటమే మానేశాను. కావాలని మానలేదు, చూడాలనిపించలేదు. అయినా పని ఆగలేదు. ఫైళ్లు వచ్చేవి, చూసి పంపేదాన్ని.

కొన్ని వారాలు గడిచాక ఒక మధ్యాహ్నం మా పై ఆఫీసర్ ఫోన్ చేశాడు. "డెత్ క్లెయిములన్నీ మీ బన్సీలాల్‌పేట్ ఆమె ఒక్కతే పాస్ చేస్తోందేంటి? ఫైనల్ చెక్ మీది కదా?"

కనుక్కుని చెబుతానన్నాను. ఆలోచిస్తే నిజమే. గడువు తీరిన పాలసీలు వచ్చాయి, మధ్యలో మానుకున్నవాళ్లవి వచ్చాయి. మనిషి పోయిన ఫైలు ఒక్కటీ రాలేదు. రాలేదన్న సంగతి కూడా నాకు తట్టలేదు. సెలవులో ఉన్నప్పుడు నా బదులు పాస్ చేసే అధికారం అక్కకు ఇచ్చాను. దాన్ని వెనక్కి తీసుకోలేదు.

ఆమెకు వీడియో కాల్ చేశాను. వెనకాల కుక్కర్ కూత వేస్తోంది.

"అక్కా, డెత్ ఫైళ్లు నా దగ్గరికి వస్తలేవేంది?"

ఆమె చున్నీతో చెయ్యి తుడుచుకుంది. "నేనే ఆపిన మేడం. మీరు డ్యూటీకొచ్చే ముందటి రోజు అందరితోని మాట్లాడిన. అవన్ని నాకే పంపుండ్రి అని చెప్పిన."

"నాకు చెప్పాలె గద."

"చెప్తే వద్దంటరు. మీటింగ్‌ల మీరు గంత మామూలుగ మాట్లాడుతుంటే మాకు భయమైతుండె మేడం. తప్పైతే నా మీదనే రాయుండ్రి."

"మీ పని మీకుండంగ ఇవన్ని ఎట్ల చూస్తున్నరు?"

"వంట సగం మా ఆయన చేస్తుండు."

నాకు కోపం రావాలి, లేదా ఏడుపు రావాలి. రెండూ రాలేదు. "ఒక ఫైలు పంపండి" అన్నాను.

"ఇయ్యాల్నేనా?"

"ఇయ్యాల్నే."

పంపింది. చనిపోయినతను కరెంటు పనులు చేసే మనిషి. మా ఆయన కన్నా చిన్నవాడు. పాలసీలో ఉన్న పేరుకూ మరణ ధ్రువపత్రంలో పేరుకూ ఒక అక్షరం తేడా. ఇలాంటి ఫైలును వెనక్కి పంపేయడం మాకు అలవాటు. ఇంటివాళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగి ఇంకో కాగితం తెస్తారు. మా ఆయన పేరున ఉన్న కరెంటు మీటరును నా పేరుకు మార్చుకోవడానికి నేనూ అప్పుడు అలాగే తిరుగుతున్నాను. ఫోన్‌లో అడిగి, జవాబు రికార్డు చేసి పాస్ చేయడానికి మా రూల్ ఒప్పుకుంటుంది. పని పెరుగుతుందని ఎవరమూ ఆ దారి పట్టం.

అతని భార్యకు ఫోన్ చేశాను. పుట్టిన తేదీ, తండ్రి పేరు అడిగాను. అన్నీ సరిపోయాయి.

"ఇగ నేను యాడికన్న రావాల్నా మేడం?" అంది.

"వద్దమ్మా. ఎక్కడికీ రావద్దు."

ఫోన్ పెట్టేసి ఫైలు పాస్ చేశాను. హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టాను. లోపల ఏమీ కదలలేదు. ఇలా ఇంకో ఫైలు చూడలేనని మాత్రం అర్థమైంది.

ఆఫీసర్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. నాకు ఒక వారం సెలవు కావాలని, అప్పటిదాకా అక్కే చూస్తుందని, ఆమెను ఎవరూ ఏమీ అనొద్దని చెప్పాను. అతను సరేనన్నాడు. అక్కకు కూడా చెప్పాను.

"మీటింగ్ నేను నడపాల్నా మేడం?"

"మీరే నడపండి. అందరూ రోజూ రానక్కర్లేదు. అవసరమున్నవాళ్లే వస్తారు."

మర్నాడు మీటింగ్ వేళకు మెలకువ వచ్చినా లేవలేదు. అత్తమ్మ తలుపు తీసి, బల్ల దగ్గర నేను లేకపోవడం చూసి, మంచం దగ్గరికి వచ్చింది. నా పక్కనే, కొడుకు పడుకునే వైపు, నడుం వాల్చింది. ఇద్దరం పైకప్పు వైపు చూస్తూ ఉన్నాం. కాసేపటికి నాకు నిద్ర పట్టింది.