ఎనభై నాలుగో పేజీ

ఆయనకు డెస్కులో పెట్టిన పేరు కత్తెర. విలేకరులు రాసుకొచ్చిన దాంట్లో సగం కోసి, మిగిలిన సగానికి తన పేరు తగిలించడంలో చెయ్యి తిరిగినవాడు. పత్రికలో ఇరవై రెండేళ్లు అదే పని. కూలిన వంతెన మీద వచ్చిన కథనం ఆయన్ని అందలం ఎక్కించింది. అది చూసే ఒక ప్రచురణ సంస్థ పిలిచి డైరెక్టర్ కుర్చీలో కూర్చోబెట్టింది. ఇప్పుడు ఆత్మకథ రాశాడు. అచ్చు వేసేది తన సంస్థే.

ప్రూఫులు కింది అంతస్తులో, అక్కడే ప్రూఫులు దిద్దే మా పిన్ని బల్ల మీదికి వచ్చాయి. ఒకప్పుడు ఆమె అదే పత్రికలో విలేకరి. వంతెన కూలిన రోజు మోకాలి లోతు బురదలో తిరిగి, చూసిందంతా ఫోన్‌లో చెప్పింది ఆమె. డెస్కులో కూర్చుని రాసుకున్నది కత్తెర. మర్నాడు కథనం కింద ఆయన పేరే ఉంది. అక్కడ తన పేరు ఉండాలన్నదే ఇన్నేళ్లుగా పిన్ని పట్టు.

ఎనభై నాలుగో పేజీలో ఆ బురద కూడా ఆయనదే అయింది.

ప్రూఫ్ చూసేవాళ్లు అక్షరం మార్చకూడదని, అనుమానముంటే అంచున రాయాలని, రచయిత జవాబు రాసి సంతకం పెడితేనే పేజీ ప్రెస్సుకు వెళ్లాలని నియమం పెట్టింది ఆయనే. పిన్ని పెన్సిల్ చెక్కి రాసింది: "ఆ రోజు మీరు డెస్కులో ఉన్నారు. బురదలో ఉన్నది నేను. ఉంచాలా?"

మధ్యాహ్నానికి ఆయనే మెట్లు దిగి వచ్చాడు.

"ఏంటమ్మా, ఇన్నేళ్ల తర్వాత తవ్వుతున్నావు?"

"తవ్వింది మీరు సార్. పుస్తకంలో కూడా పెట్టారు."

"నువ్వు చెప్పింది పది ముక్కలు. దాన్ని కథనం చేసింది నేను."

"అదే రాయండి మరి."

"కృతజ్ఞతల్లో నీ పేరు వేయిస్తాలే."

"ఎక్కడ? మీ కళ్ల డాక్టరుకు ముందా, వెనకా?"

"పొగరు తగ్గలేదు నీకు."

"బురదైతే కడిగితే పోయింది సార్. ఇది పోలేదు."

పక్క బల్ల దగ్గర డిజైనర్ నవ్వాపుకోలేక దగ్గాడు. కత్తెర పేజీ లాక్కుని వెళ్లిపోయాడు. అబద్ధం ఆయనకు కొత్త కాదు; దాని పక్కన సంతకం పెట్టడానికే చెయ్యి రాలేదు.

వారం తర్వాత కొత్త పేజీ వచ్చింది. బురద లేదు. ఒకటే వాక్యం: "వంతెన కథనం ఎవరిదో అందరికీ తెలిసిందే."

పిన్ని అంచున రాసింది: "ఎవరిది? పేరు రాయండి."

పుస్తకావిష్కరణకు హాలు ఖాయమై పదిహేను రోజులైంది. పేజీ మాత్రం ఇంకా కిందికి దిగలేదు.