అంగట్లో నల్లబడే కాంటా

మా చిన్నమ్మ ఎలక్ట్రానిక్ తూకం కాంటా నా దుకాణంలో బుద్ధిగా పనిచేసేది. కల్హేర్ అంగడికి పోతే మొండికేసేది. నారాయణఖేడ్‌లో ఫోన్లు, కాంటాలు బాగుచేసే దుకాణం నాది. చిన్నమ్మ, అంటే మా అమ్మ చెల్లెలు, వారం వారం అంగట్లో ఉల్లిగడ్డ అమ్ముతుంది. మూడు వారాలుగా ఆమెది ఒకటే పాట.

"అంకెలు నల్లగైతున్నయే! నువ్వేం రిపేరు చేస్తున్నవో ఏందో!"

మొదటిసారి బ్యాటరీ మార్చాను. రెండోసారి అంకెల అద్దం మీది పొర ఒలిచి కొత్తది అంటించాను. ఆ పొర వెలుగును ఒక వాలులోనే పోనిస్తుంది. దానిమీద అలాంటిదే ఇంకో పొర పెట్టి తిప్పితే, నీళ్ల నల్లా కట్టేస్తున్నట్టు వెలుగు తగ్గుతూ తగ్గుతూ చీకటైపోతుంది. నాకిది రోజూ ఉండే పనే. మూడోసారి కూడా తెచ్చేసరికి ఒళ్లు మండింది. నా పనికే వంక పెడుతుందా? ఆ వారం స్కూటీ తీసి అంగడికే పోయాను.

చిన్నమ్మ ఉల్లిగడ్డల కుప్ప వెనక నల్లద్దాలు పెట్టుకుని కూర్చుంది. కంటి ఆపరేషన్ అయ్యాక ఆమె కూతురు, నాకు చెల్లె, హైదరాబాద్ నుంచి తెచ్చిన ఖరీదైన జోడు. ఎండలో తీయొద్దని డాక్టర్ చెప్పాడట. మొదటిసారి చూసినప్పుడు వీధిలో నలుగురి ముందు "ఏం హీరోయిన్, షూటింగ్ ఎక్కడ?" అన్నది నేనే. అప్పటినుంచి నా గడప తొక్కే ముందు తీసి కొంగున ముడేసుకునేది. అందుకే ఆ జోడు ఒక్కసారీ దుకాణంలోకి రాలేదు.

కాంటా మీద రెండు కిలోలని నాకు చక్కగా కనిపిస్తోంది. "నల్లగనే ఉంది" అంటోంది ఆమె. దొర్లిన ఉల్లిగడ్డ కోసం తల పక్కకు వంచి, "గిప్పుడొచ్చింది!" అని కేకేసింది.

ఆమె జోడు లాక్కుని పెట్టుకున్నాను. అంకెలు మాయం. చేతిలో పట్టుకుని మెల్లగా తిప్పితే కొద్దికొద్దిగా తేలాయి. ఆ అద్దాల్లోనూ నా పొరలాంటిదే ఉంది! నాకు నవ్వు ఆగలేదు.

చిన్నమ్మ నవ్వలేదు. కొంగుతో కళ్లొత్తుకుంది.

"గిరాకోళ్లకు కనబడుతున్నయ్, నాకే కనబడుతలేవ్. కన్నే పోతున్నదనుకున్న బిడ్డా. మీ చెల్లెకు తెలిస్తే అంగడి బంద్ చేయిస్తదని కాంటా మీదికి నూకిన."

నాకు సిగ్గేసింది. నోరు ఊరుకోక నేనన్న ఒక్క మాటకు ఆమె మూడు వారాలు భయపడింది. కాంటాను కొంచెం ఏటవాలుగా తిప్పి పెట్టి, జోడు ఆమె కళ్లకు నేనే తొడిగాను. అంకెలు చూసి ముందు నమ్మలేదు. అమ్మడం మానేసి, ఉల్లిగడ్డలను ఒక్కొక్కటే తూచి పైకి చదవసాగింది.

ఇప్పుడు దుకాణానికి జోడు పెట్టుకునే వస్తుంది. గడప దగ్గరే ఆగి, "హీరోయిన్ అనవేందే?" అంటుంది. నేను అనేదాకా లోపలికి రాదు.