ఇంటికే వచ్చి ఉచిత సర్వీసు

పొద్దున పేపరు విప్పగానే ఒక కరపత్రం జారి ఒళ్లో పడింది. కొత్త ఇంకు వాసన ఇంకా పోలేదు. ఎవరో కొత్తగా తెరిచిన సైకిళ్ల షాపువాళ్లు వేయించినది. ప్రపంచస్థాయి నాణ్యత, జీవితాంతం గ్యారంటీ అని ఇంతింత అక్షరాల్లో ఉంది. ఎవరి జీవితమో మాత్రం చెప్పలేదు, సైకిలుదా, కొన్నవాడిదా, షాపుదా. నవ్వొచ్చింది, ఆ వెంటనే సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఇంతకన్నా అన్యాయమైన కరపత్రం ఒకప్పుడు నేనే రాశాను. దాని భారమంతా మోసిన మనిషి జాన్‌బీ గారు, నాకు మొదటి జీతం ఇచ్చిన యజమానురాలు.

గుంటూరులో బస్టాండు నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉండేది ఆవిడ షాపు. ఖరీదైన సైకిళ్లు ఉండేవి కావు. పెట్టెల్లో విడిభాగాలుగా వచ్చే చవక రకాలు తెప్పించి, అక్కడే బిగించి అమ్మేవాళ్లం. భర్త పోయాక ఆయన రిపేరు కొట్టును షాపు దాకా తెచ్చింది ఆవిడే. పొట్టి మనిషి, పెద్ద గొంతు. కొంగు నడుముకు దోపుకుని, అమ్మే ప్రతి సైకిలు టైరునూ బొటనవేలితో నొక్కి చూసేవారు. డిగ్రీ అయ్యాక నేను అక్కడ చేరాను. బిల్లులు, ఫోన్లు, వాట్సాప్ అన్నీ నావే. బిగింపులూ రిపేర్లూ సుభానీ గారివి. పాతికేళ్లుగా అక్కడే ఉన్న మెకానిక్ కాబట్టి ఆయనకు ఎవరి మీదైనా విసుక్కునే హక్కుండేది.

బడులు తెరిచే ముందు ఒక కరపత్రం రాయమన్నారు జాన్‌బీ గారు. రెండు రోజులు గడువిచ్చారు, నేను అరగంటలో ముగించాను. ఒక కంపెనీ వెబ్‌సైటులోంచి నాలుగు వాక్యాలు, ఏదో ఊళ్లోని మోటారు సైకిళ్ల షోరూం ప్రకటనలోంచి మూడు వాక్యాలు తీసుకుని, ఫోనులో వచ్చిన అనువాదాన్ని వచ్చినట్టే అతికించాను. చూపించమని ఆవిడ అడిగితే, అంతా బాగానే ఉంది మేడం అని ప్రెస్సుకు పంపేశాను. పేపర్లలో దూరి అది ప్రత్తిపాడు దాకా వెళ్లిపోయింది. మర్నాడే ఎదురుగా ఉన్న టీ కొట్టాయన వచ్చాడు. మా సైకిలు మంచుకొండల మీద కూడా జారదట కదా, గుంటూరులో మంచు ఎప్పుడు పడుతుందో చెబితే తనూ ఒకటి కొంటానన్నాడు. రోహిణి కార్తె ఎండలో చెమటలు తుడుచుకుంటూ అందరం నవ్వాం. నేనైతే అందరికన్నా గట్టిగా నవ్వాను.

రెండు వారాల తరవాత శేషమ్మ వచ్చింది. ప్రత్తిపాడు దగ్గర ఒక పల్లెలో మిరప కోతలకీ పత్తి తీతకీ వెళ్లే మనిషి. కూతురు హైస్కూలుకి వెళ్లడానికి మా దగ్గరే సైకిలు కొంది. చైను మాటిమాటికీ ఊడుతోందట. సైకిలు తేలేదు, నాలుగు మడతలు పెట్టిన కరపత్రం తెచ్చింది. కూతురు చదివి చెప్పిన చోట సరిగ్గా వేలు పెట్టింది. ఏడాది పాటు మీ ఇంటికే వచ్చి ఉచిత సర్వీసు చేస్తాం అని ఉందక్కడ. అది ఆ షోరూంవాళ్ల వాక్యం. మా షాపులో అలాంటి ఏర్పాటు ఏనాడూ లేదు. అచ్చులో పొరపాటు పడిందని, సైకిలు ఇక్కడికి తెస్తే చూస్తామని చెప్పాను. శేషమ్మ కోప్పడలేదు.

"అయితే సైకిలు గట్టిదని కూడా రాశారు కదమ్మా, అదీ పొరపాటేనా?" అంది.

వెనక నుంచి జాన్‌బీ గారు వచ్చి కరపత్రం తీసుకుని, మొదటి నుంచి చివరి దాకా నిలబడే చదివారు. బుధవారం మీ ఇంటికి మనిషి వస్తాడని చెప్పి శేషమ్మను పంపించారు. ఆ సాయంత్రం సైకిళ్లు సప్లై చేసే ఏజెంటు సంగతి విని, షరతులు వర్తిస్తాయని ఇంకో కాగితం వేసేస్తే సరిపోతుందన్నాడు. నేనూ తలూపాను. నా ఉద్యోగం ఎలాగూ పోయిందనుకున్నాను, కనీసం షాపు బతకాలి కదా. ఆవిడ ఒప్పుకోలేదు.

"ఈ కాగితం మీద నీ పేరు లేదు పద్మా, నా షాపు పేరుంది. చవక సైకిలు కొనేవాళ్లకి చూపించడానికి మన దగ్గర అద్దాల గదులు లేవు, ఏసీ లేదు. ఉన్నది మాటొక్కటే. రాసింది రాసినట్టు చేద్దాం. సుభానీతో నువ్వూ వెళ్లు. నువ్వు రాసింది ఎలా ఉంటుందో చూసి రా."

అలా బుధవారాలూ ఆదివారాలూ ట్రాలీ ఆటోలో పంపూ పానాలూ ట్యూబులూ వేసుకుని ఊళ్లు తిరిగాం. నువ్వు రాస్తావు తల్లీ, బిగించేది నేను అని సుభానీ గారు దారి పొడవునా సణిగేవారు. శేషమ్మ సైకిలు చూడగానే మాత్రం నోరు మూసుకున్నారు. వెనక చక్రం సరిగా బిగించకుండానే షాపు నుంచి వెళ్లిపోయింది అది. ఆ తిరుగుళ్లలో నేను చాలా చూశాను. తల్లులు మిరపకాయల బస్తాలు వేస్తే వంగిపోయిన క్యారియర్లు చూశాను. వాన పడ్డ రోజు నల్లరేగడి మట్టి మడ్‌గార్డులో ఇరుక్కుని, చక్రం తిరక్క సైకిలును భుజాన మోసుకుపోతున్న ఆడపిల్లల్ని చూశాను. మంచుకొండల గురించి రాసిన చెయ్యి నాదే అని గుర్తొచ్చి తల దించుకున్నాను.

షాపుకు అది గడ్డుకాలం. మేం వెళ్లిన రోజుల్లో ఇక్కడ రిపేర్లు ఆగిపోయేవి. దసరా నాటికి జాన్‌బీ గారు సరుకు పెట్టుకునే పక్క గదిని ఖాళీ చేసి ఇచ్చేశారు. చలికాలం వెళ్లేసరికి అదే రోడ్డులో సైకిళ్లకే అద్దాల షోరూం ఒకటి వెలిసింది. మా షాపు ఇంకో ఆరు నెలలు నిలబడితే గొప్పని టీ కొట్టాయనే బాధపడ్డాడు.

వేసవి చివర ఆవిడ మళ్లీ కరపత్రం రాయమన్నారు. వారం పట్టింది. రాశాక సుభానీ గారి ఎదుట నన్ను కూర్చోబెట్టి గట్టిగా చదివించారు. ఆయన కుదరదన్న మూడు వాక్యాలు కొట్టేశాం. ఇది బస్తాలు మోసే సైకిలు కాదు అని వేశాం. రేగడి నేలలో మడ్‌గార్డులో మట్టి ఇరుక్కుంటుంది, ముందే చెబితే ఎత్తి బిగిస్తాం అని వేశాం. సొంత సరుకు లోపాలు అచ్చువేసుకునేవాళ్లను ఇక్కడే చూస్తున్నానన్నాడు ఏజెంటు. చివర్లో ఖాళీ మిగిలింది.

"ఇంటికే వచ్చి సర్వీసు చేస్తామని ఉందే, అది మళ్లీ వెయ్యి. ఈసారి తెలిసే వేస్తున్నాం," అన్నారు జాన్‌బీ గారు.

బడులు తెరిచే వారం, ఒక ఉదయం ట్రాలీ ఆటో వచ్చి షాపు ముందు ఆగింది. శేషమ్మ దిగింది. ఆమె వెనక ఆ ఊరి ఆడవాళ్లు, వాళ్ల కూతుళ్లు. పదకొండు సైకిళ్లు కావాలన్నారు. అద్దాల షోరూం దాటుకుని వచ్చారు కదా, అక్కడ చూడలేదా అని ఆగలేక అడిగేశాను.

"చూశామమ్మా. వాళ్ల కాగితం తళతళలాడుతోంది. చెడ్డమాట ఒక్కటి లేదు అందులో. అట్లాంటి సరుకు నేను పుట్టి బుద్ధెరిగి చూళ్లేదు. మీరు వస్తామన్నారు, వచ్చారు."

జాన్‌బీ గారు కొంగు నడుముకు బిగించి, సుభానీ గారి చేతిలోంచి పానా లాక్కుని, మొదటి సైకిలుకు మడ్‌గార్డు తానే ఎత్తి బిగించారు. ఆవిడ ముఖం వెలిగిపోతోంది. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఆ వారమంతా చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం వస్తూనే ఉన్నారు. దీపావళికి పక్క గది మళ్లీ తీసుకుని, మధ్య గోడ కొట్టించి రెండూ కలిపేశారు.

జాన్‌బీ గారు పోయి మూడేళ్లయింది. ఇప్పుడు నేను గుంటూరులో పది పన్నెండు షాపులకు ప్రకటనలు రాస్తాను. కిందటి నెల తాగునీటి క్యాన్లు అమ్మే ఆయన, గంటలో డెలివరీ అని రాయమన్నారు. తీసుకెళ్లేది ఎవరండీ అని అడిగాను. బండి నడిపే నడివయసు మనిషిని పిలిపించి, అతని ఎదుట చదివాను. అతను యజమాని వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు. ఇన్నేళ్లలో నన్నెవరూ అడగలేదు మేడం, గంటన్నర పెట్టండి అన్నాడు. యజమాని మొహం ముడుచుకున్నా గంటన్నరే వేయించాను. ఆ రోజు నుంచి ఒక్క ఇంటికీ ఆలస్యంగా వెళ్లలేదట. ఆ మాట చెప్పడానికి అతనే క్యాను భుజాన పెట్టుకుని మా ఇంటి మెట్లెక్కి వచ్చాడు.